తరుగు లేని మీటరు

సోమేశ్వర్ దుకాణం ఎక్కడని అడిగితే తొర్రూరు మార్కెట్ రోడ్డులో ముగ్గురు నలుగురు సోమేశ్వర్లను చూపిస్తారు. తరుగు సోమేశ్వర్ అంటే మాత్రం బడిపిల్లలు కూడా నేరుగా ఆయన మొక్కజొన్నలు కొనే మక్కల దుకాణం ముందుకు తీసుకొచ్చి దిగబెడతారు. ఆ పేరు ఆయన ఎదుట ఎవరూ అనరు. మనిషి అటు తిరగడమే ఆలస్యం, అందరూ అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "అననియ్యి, ఊరికే వస్తదా పేరు!" అని లోలోపల కాస్త మురిసిపోతాడు కూడా. సిగ్గులేని మనిషి.

తరుగంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు. రైతు మక్కల బస్తా తెచ్చి కాంటా మీద పెడతాడు. కాంటా అరవై నాలుగు కిలోలు చూపిస్తుంది. సోమేశ్వర్ నాలుగు గింజలు తీసి, ఒకటి పళ్ళ కింద వేసి కటుక్కున కొరికి, ముఖం చేదుగా పెట్టి "తేమ ఉన్నది" అంటాడు. రోళ్ళు పగిలే ఎండలో పది రోజులు ఆరిన గింజలో కూడా ఆయన పళ్ళకు తేమ తగులుతుంది. తీసెయ్ రెండు కిలోలు. తేమ లేకపోతే మట్టి ఉందంటాడు. మట్టి లేకపోతే పుచ్చు గింజ ఉందంటాడు. అదీ లేకపోతే ఎందుకైనా మంచిదని రెండు కిలోలు తీసేస్తాడు. హమాలీ ఐలేశ్ ఆ తరుగు పోగా మిగిలిన లెక్కనే గట్టిగా అరుస్తాడు. "గిదేం న్యాయం సేటు?" అని రైతు అంటాడు. "ఇష్టముంటే అమ్ము, లేకుంటే ఎత్తుకపో" అని సోమేశ్వర్ అంటాడు. కిరాయి ట్రాక్టర్ మీద వచ్చిన బస్తాలను ఎవడు ఎత్తుకుపోతాడు? అమ్ముతాడు.

ఈ రోగం దుకాణంతో ఆగితే బాగుండేది. ఆయన ఇంట్లోనూ తరుగు తీస్తాడు. డాక్టర్ బీపీ మాత్రలు పది రాస్తే ఎనిమిది మింగుతాడు. గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు మొక్కుకుని తొమ్మిది తిరిగి, దేవుడు పెద్దవాడు పట్టించుకోడులే అని చెప్పులు వేసుకుంటాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల ఇంటర్ పాసైందని చెబితే, పదో తరగతి అనుకుని తాళి కట్టాడు. తీరా చూస్తే అనసూయ డిగ్రీ మొదటి సంవత్సరం కూడా పూర్తి చేసి ఉంది. లెక్క ఎక్కువ తేలడం ఆయన జీవితంలో అదొక్కసారే. దానికీ ఆయన సంతోషించలేదు, అనుమానపడ్డాడు.

ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో అనసూయ ఆయన నోటి నుంచి పూర్తి బస్తా మెప్పు ఎప్పుడూ వినలేదు. "పప్పు మంచిగున్నది, కాకుంటే ఉప్పు." "చీర మంచిగున్నది, కాకుంటే అంచు." ఆ కాకుంటే వచ్చేదాకా ఆమె పళ్ళెం ముందు నుంచి కదలదు. వచ్చాక ఊపిరి పీల్చుకుని తన పని చూసుకుంటుంది.

ఆమె పనేమిటంటే సకినాలు, బియ్యప్పిండి తీగను గుండ్రంగా చుట్టి నూనెలో వేయించే పిండివంట. ఐదేళ్ళ కింద ఇరుగుపొరుగు కోసం మొదలుపెట్టింది. ఇప్పుడు హన్మకొండలో నాలుగు దుకాణాలు ఆమె సకినాల కోసం ఎదురుచూస్తాయి. వారానికి రెండుసార్లు డబ్బాలు పట్టుకుని బస్సెక్కుతుంది. కండక్టర్ డబ్బాలు కాళ్ళ కింద పెట్టమంటాడు. ఎవరో ఒక మహానుభావుడు వాటి మీదే కూర్చుంటాడు. హన్మకొండ చేరి మూత తీస్తే సగం పొడి. పగిలిన సకినాన్ని ఎవడు కొంటాడు? అవి తిరిగి తొర్రూరుకే వస్తాయి. సోమేశ్వర్ వాటిని పాలల్లో వేసుకుని తింటూ "నష్టమేముంది, మనింట్లనే ఉన్నయి గదా" అంటాడు.

బతుకమ్మ పండుగ అయిపోయిన వారం రెండు దుకాణాల వాళ్ళు మొహం మీదే చెప్పేశారు. పగలకుండా తెస్తేనే తెమ్మన్నారు, లేకపోతే వేరే ఆమెను చూసుకుంటామన్నారు. ఆ రోజు అనసూయ బస్సులో కిటికీ వైపు తిరిగి తొర్రూరు దాకా ఏడ్చింది. దిగాక కళ్ళు తుడుచుకుని, తన పెద్దమ్మ కొడుకు శివప్రసాద్‌కు ఫోన్ చేసింది.

శివప్రసాద్ హన్మకొండలో బ్యాంకు ఉద్యోగి. వాళ్ళింట్లో ఒక చిన్న కరెంటు కారు ఉంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారని పెద్ద కారు కొనుక్కుని, దీన్ని అమ్మకానికి పెట్టాడు. ఆదివారం తానే నడుపుకుంటూ తొర్రూరు వచ్చి తాళం అక్క చేతిలో పెట్టాడు. "రెండు రోజులుంచుకో అక్కా. నడిపి చూడు. బావతోని తరుగు తీయించు. తర్వాత మాట్లాడుకుందాం" అని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

అనసూయకు ఆ కారు కావాలి. పెళ్ళయ్యాక నోరు తెరిచి ఆమె అడిగిన మొదటి వస్తువు అదే. డ్రైవింగ్ మూడేళ్ళ కిందే నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది. ఆ రోజు సోమేశ్వర్ "లైసెన్సు మంచిదే, కాకుంటే ఎడమకే తిప్పిచ్చిండ్రా, కుడికి గూడ తిప్పిచ్చిండ్రా?" అని అడిగాడు. ఇప్పుడు కూడా ఆయన ఊ అంటేనే కారు. ఎందుకంటే ఆ ఇంట్లో చెంచా కొన్నా ఆయన కొరికి చూశాకే కొంటారు.

కారు చుట్టూ ఆయన మూడుసార్లు తిరిగాడు. దానికి ముందు మూతి లేదు, వెనక డిక్కీ లేదు. ఉన్నవి రెండు తలుపులు. నాలుగు చక్రాలు తొడిగిన టిఫిన్ డబ్బాలా ఉంది. తలుపు మీద గుమ్మడికాయను కొట్టినట్టు వేలితో కొట్టి చెవి పెట్టాడు. టైరును తన్నాడు. సీటు వాసన చూశాడు. ఆ తర్వాత దుకాణంలోకి వెళ్ళి, బస్తాలో గుచ్చి గింజ తీసే ఇనుప గొట్టం పట్టుకొచ్చాడు.

"ఏమండీ! దాంతోని ఏం చేస్తరు?" అనసూయ గొట్టం లాక్కుంది.

"సీటు లోపల ఏమున్నదో చూడొద్దా? మీదికి అందరు మంచిదే పెడ్తరు."

"గది సీటు. మక్కల బస్తా కాదు."

ఆయన నిరాశపడి ఐలేశ్‌ను పిలిచాడు. ఐలేశ్ తొంభై కిలోల మనిషి. తలుపు సందులోంచి అడ్డంగా, నిలువుగా, చివరికి పక్కవాటుగా దూరి వెనక సీటులో పడ్డాడు. బండి కుయ్యిమనలేదు. "ఎట్లున్నదిరా?" అంటే "పడక కుర్చీ లెక్కున్నది సేటు, జర ఏసీ ఎయ్యమనండ్రి" అన్నాడు. వాణ్ణి బయటికి లాగడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

రాత్రంతా చార్జింగ్ పెట్టారు. సోమవారం పొద్దున, ఇంకా ఎంత దూరం పోతుందో చెప్పే మీటరు నూట ఎనభై కిలోమీటర్లు చూపించింది. సోమేశ్వర్ శివప్రసాద్‌కు ఫోన్ కలిపాడు.

"శివా, నిండ చార్జింగ్‌కు కంపెనీవోడు ఎన్ని కిలోమీటర్లు చెప్పిండు?"

"రెండొందల ముప్పై, బావా. అది వాళ్ళు పరీక్ష పెట్టినప్పటి లెక్క. రోడ్డు మీద, ఏసీ వేసుకుంటే గంత రాదు. అందుకే మీటరు నూట ఎనభై చూపిస్తది."

"అంటే యాభై తరుగు."

"అనుకో."

సోమేశ్వర్ ఫోన్ పెట్టేసి భార్య వైపు తిరిగాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "దొరికిన్రు దొంగలు! నేను తీసిన రెండు కిలోలు యాడికి పోతయి? గాలిల కలుస్తయా? గోదాంల ఉంటయి. వాళ్ళు తీసిన యాభై గూడ బండిలనే ఉంటది. దాచిన్రు. మీటరు సున్నా చూపిచ్చినంక గూడ యాభై కిలోమీటర్లు పోతది, రాసిస్త!"

"దాచిపెట్టి వాళ్ళకేం లాభం?"

"కాంటా ఉన్నోడు ఎవడన్న పూర్తి తూకం చూపిస్తడా?" అన్నాడు ఆయన, లోకంలోని ఏకైక సత్యాన్ని చెబుతున్నవాడిలా.

"సరే, సున్నా తర్వాత పోయిందనుకో, అప్పుడు?"

"మీటరు దొంగదని తేలినట్టే. దొంగ కాంటా మనకొద్దు."

"పోక ఆగిపోతే?"

"బ్యాటరీ పాడైనట్టు. పాడైన బండి మనకెందుకు?"

ఎటు తిప్పినా తన కారు పోయినట్టేనని అనసూయకు అర్థమైపోయింది. పది సకినాల డబ్బాలు వెనక సీట్లు మడిచి పేర్చింది. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, ఎవడూ కూర్చోకుండా, అన్నీ పట్టాయి. ఆ సర్దుకున్న డబ్బాలను చూసుకుంటూ ఆమె ఒక నిమిషం అలాగే నిలబడిపోయింది.

అరవై కిలోమీటర్ల దారి. బండి చప్పుడు చేయదు, సోమేశ్వర్ చేస్తాడు. లారీ కనబడితే "లారీ!" అంటాడు. బర్రె కనబడితే "బర్రె!" అంటాడు. స్పీడ్ బ్రేకర్ కనబడితే డబ్బాల కోసం అనసూయ మెల్లగా పోతుంది, అప్పుడు మాత్రం నోరు మూసుకుంటాడు. వర్ధన్నపేట దాటాక ఏసీ చల్లదనానికి కునుకు పట్టింది. నిద్ర లేచి మొదట చూసింది మీటరునే. హన్మకొండ చేరేసరికి నూట ఎనిమిది చూపించింది.

"అరవై కిలోమీటర్లు పోయినం, డెబ్బై రెండు కోసిండు. చూసినవా తరుగు!"

"నేను జర స్పీడుగ నడిపిన. గందుకే."

నగరంలో పడ్డాక అసలు పరీక్ష. అక్కడ అనసూయ వేరే మనిషైపోయింది. ఈ డబ్బా బండిని ఆటోల మధ్యలోంచి, సిటీ బస్సు పక్కనుంచి, కూరగాయల బండిని రాసుకోకుండా తీసుకుపోతోంది. స్వీట్ల దుకాణం ముందు రెండు స్కూటర్ల నడుమ కాస్త జాగా కనబడితే, వెనక కెమెరా చూసుకుంటూ ఒకే ఒక్క తిప్పుడుకి లోపల పెట్టేసింది. సోమేశ్వర్ దిగి, ముందు ఎంతుంది, వెనక ఎంతుంది జానలతో కొలిచాడు. రెండువైపులా సమానంగానే ఉంది. ఇంకోసారి కొలిచాడు.

ఒక్క లోపం దొరికింది. బండి వస్తున్నట్టు ఎవరికీ వినబడదు. రోడ్డు మధ్యలో ఫోన్ మాట్లాడుతున్న ఒక పెద్దమనిషి ఉలిక్కిపడి పక్కకు దూకి "అమ్మా, వచ్చేటప్పుడు జర చప్పుడు చెయ్యి తల్లీ, పానం పోయింది!" అని మొత్తుకున్నాడు. సోమేశ్వర్ కిటికీలోంచి తల బయట పెట్టి "రాసుకున్న, రాసుకున్న" అన్నాడు, ఆయనేదో ఫిర్యాదు ఇచ్చినట్టు.

నాలుగు దుకాణాల్లోనూ డబ్బాల మూతలు తీశారు. ఒక్క సకినం పగల్లేదు. రెండో దుకాణంలో యజమాని తల్లి ఒక సకినాన్ని చేతిలో గుండ్రంగా తిప్పి చూసి "ఇట్ల తెస్తే ఇంకెవర్ని చూస్తం అనసూయమ్మా, రోజూ తెచ్చినా తీసుకుంటం" అంది. పక్కన నిలబడ్డ సోమేశ్వర్‌ను చూపించి "ఈయన డ్రైవరా?" అని అడిగింది.

"మా ఆయన" అంది అనసూయ.

"అట్లనా. కూసో నాయినా" అని ఆమె ఒక స్టూలు చూపించింది. తొర్రూరులో ఎనిమిది మండలాల మక్కలను కొరికిన మనిషి ఆ స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ తనెవరో ఎవరికీ తెలియదు. అనసూయ రోజూ ఇక్కడికి వస్తే మధ్యాహ్నం దుకాణంలో తనకు ఎదురుగా కూర్చుని అన్నం పెట్టేదెవరు? ఆ ఆలోచన వచ్చి ఆయనకు గుబులేసింది. గుబులని ఒప్పుకోవడం చేతకాక కోపమనుకున్నాడు.

తిరిగొస్తూ మీటరు చూస్తే ఆయన కోపం కాస్తా ఉత్సాహమైపోయింది. నగరంలో పద్నాలుగు కిలోమీటర్లు తిరిగితే మీటరు తొమ్మిదే తగ్గింది. ట్రాఫిక్‌లో బ్రేకు వేసినప్పుడల్లా కొంచెం చార్జింగ్ వెనక్కి వస్తుందని, అందుకే ఇది నగరానికి చేసిన బండి అని అనసూయ చెప్పింది. ఆయన వింటేగా! "ఎక్కడిది ఆ ఐదు? దాచినదాంట్ల నుంచే వచ్చింది. స్టాక్ ఉన్నది లోపల!" అని తొడ చరిచాడు.

తొర్రూరు పొలిమేరకు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. మీటరు ఇరవై రెండు చూపిస్తోంది. అనసూయ ఇంటి వైపు తిప్పబోయింది.

"ఆగు. నెల్లికుదురు దాకా పోయొద్దాం."

"పోను పదిహేను, రాను పదిహేను. ముప్పై. ఉన్నది ఇరవై రెండు."

"గందుకే పొమ్మంటున్న. బస్తా అడుగు చూడకుంటే కొన్నట్టా?"

"దారిల ఆగిపోతే?"

"ఆగదు. నేను చెప్తున్న గదా."

ఆమె స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను చెప్తున్న గదా అన్న మాటకు ఎదురు చెప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "సరే. చూద్దాం. అడుగే చూద్దాం" అని నెల్లికుదురు రోడ్డు ఎక్కించింది. కావాలని ఏసీ కూడా ఆపలేదు.

నెల్లికుదురులో బండి తిప్పేటప్పుడు మీటరు ఏడు. ఐదయ్యింది. మూడయ్యింది. బండి ఎర్ర గుర్తు చూపించి టింగుమంది. "అరుస్తది. రైతు అరవడా? అరిచినంత మాత్రాన బస్తా ఖాళీ అయినట్టా?" అన్నాడు సోమేశ్వర్. ఒకటయ్యింది. సున్నా అయ్యింది. ఆయన సీటు మీద ముందుకు వంగి "ఇగో, ఇప్పుడు చూడు" అన్నాడు.

చూశారు. బండి నడక వేగానికి వచ్చి, పాపం ఇంకో ఇరవై గజాలు పాకి, ఒక తండా మలుపులో నిలబడిపోయింది. మీటరు చెప్పింది చెప్పినట్టే చేసింది.

సోమేశ్వర్ సీటు మీద అటూ ఇటూ ఊగాడు, అడుగున మిగిలిన గింజలు జారిపడతాయేమోనన్నట్టు. ఏమీ జారలేదు. తొర్రూరు ఇంకా ఎనిమిది కిలోమీటర్లు.

"దిగి తోయండ్రి" అంది అనసూయ. అది అనడంలో ఆమెకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

తెల్ల చొక్కా మనిషి చేతులు పెట్టి తోస్తుంటే చూడటానికి తండా మొత్తం వచ్చింది. ముందు నడిచి వచ్చినవాడు లక్ష్మా. ఇరవై ఏళ్ళుగా మక్కలన్నీ సోమేశ్వర్‌కే అమ్ముతున్న రైతు.

"సేటు! నీ డబ్బకు ఏమైంది?"

"చార్జింగ్ అయిపోయింది లక్ష్మా. నీ ఇంట్ల పెద్ద ప్లగ్గు ఉన్నదా?"

"పిండి గిర్ని నడుస్తది గదా, ఉండకేం? తోయండ్రిరా పోరగాండ్లూ!" అని లక్ష్మా కేకేశాడు. బండి వాళ్ళ వాకిట్లోకి పెళ్ళికూతురిలా వచ్చింది. లక్ష్మా భార్య సోమ్లీ గిర్ని వైరు పీకి, కారు తీగ పెట్టనిచ్చింది.

"పది శాతం ఎక్కిచ్చుకుంటం. ఇల్లు చేరినట్టే" అన్నాడు సోమేశ్వర్.

"పదే గదా, పది తీస్కో. ఏం భాగ్యం" అన్నాడు లక్ష్మా.

తండాలో కరెంటు మందకొడి. గంటకు ఆరు శాతమే ఎక్కింది. సోమ్లీ చాయ్ పెట్టింది. అనసూయ ఇంటి కోసం ఉంచుకున్న సకినాల పొట్లం విప్పి ఇచ్చింది. సోమ్లీ ఒకటి తీసి, పళ్ళ కింద వేసి కటుక్కున కొరికి, ముఖం చేదుగా పెట్టి, సోమేశ్వర్ వైపు ఓరగా చూస్తూ "తేమ ఉన్నది అక్కా" అంది. అచ్చు ఆయన గొంతే. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అనసూయ నవ్వింది. సోమేశ్వర్ చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఇంకో ఇరవై నిమిషాలకు సోమ్లీ లేచి ప్లగ్గు పీకేసింది.

"అయిపోయింది సేటు. పది. పోండ్రి."

సోమేశ్వర్ తొంగిచూశాడు. "ఎనిమిదే ఉన్నది!"

"ఎక్కింది పదే. రెండు తరుగు."

"కరెంటుకు తరుగేందే?"

"మొన్న వాన పడ్డది గదా. తేమ ఉన్నది."

సోమేశ్వర్‌కు ఒళ్ళు మండింది. ఎనిమిదితో ఇల్లు చేరొచ్చు, అది ఆయనకూ తెలుసు. కానీ ఒప్పుకున్నది పది. అందరి ముందు, కళ్ళ ముందు కనబడుతుండగా, రెండు తీసేసుకుని నవ్వుతున్నారు. "గిదేం న్యాయం?" అని అరిచాడు.

ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక ఆయనకే వినబడింది. వేలసార్లు విన్న మాట. ఎప్పుడూ కాంటా ఇవతల నిలబడి విన్నాడు. అవతల నిలబడి అనడం ఇదే మొదలు.

లక్ష్మా నవ్వలేదు. బండి మీద చెయ్యి వేసి నెమ్మదిగా అన్నాడు. "పోయిన యాసంగి పంటప్పుడు నేను గిదే మాట అన్న సేటు. నువ్వేమన్నవో యాదికున్నదా?"

ఆయనకు గుర్తుంది.

"ఇష్టముంటే తీస్కపో" అన్నాడు లక్ష్మా, "లేకుంటే తోసుకపో."

అనసూయ బండి స్టార్ట్ చేసింది. సోమేశ్వర్ పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాడు. సోమ్లీ కిటికీ దగ్గరికి వచ్చి "అక్కా, బియ్యప్పిండి పట్టిచ్చుకోవాలంటే మా గిర్నికి తే, మెత్తగ పట్టిస్త" అంది. "తెస్తనే. బండి ఉంటే వస్త" అంది అనసూయ. బండి ఉంటే అన్నప్పుడు స్టీరింగును ఒకసారి నిమిరింది.

దారి పొడుగునా ఆయన లారీ అనలేదు, బర్రె అనలేదు. మీటరు వైపు చూస్తూ కూర్చున్నాడు. అది ఒక్కొక్కటే నిదానంగా తగ్గుతూ, ఎంత పోయిందో అంతే చూపిస్తూ వచ్చింది. ఆయన తాత కాంటా, నాయన కాంటా, తన కాంటా అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. వాటిలో ఒక్కటీ ఇలాంటి పని చేయలేదు.

దుకాణం ముందు ఐలేశ్ కాచుకుని ఉన్నాడు. "రేపు లక్ష్మా మక్కలు తెస్తడంట సేటు, ఇప్పుడే ఫోన్ చేసిండు."

"తేనియ్యి. ఆయన బస్తాలకు తరుగు పిలువకు. కాంటా ఎంత చూపిస్తే గంతే పిలువు."

ఐలేశ్ చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "అందరికా?"

"అందరికంటే నేనేమన్న సాధువునా? లక్ష్మాకు చెప్పిన, లక్ష్మా వరకే విను" అని కసిరి లోపలికి నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగి, "మిగిలినోళ్ళకు రెండొద్దు, కిలో పిలువు. రేపటి వరకు చూద్దాం" అని గొణిగాడు.

ఇంట్లో అనసూయ అప్పటికే పిండి తడిపి, రేపటి సకినాలు చుట్టడానికి కూర్చుంది. శివప్రసాద్ ఫోన్ వచ్చింది. ఆయన స్పీకర్ పెట్టాడు. ఆమె తల ఎత్తలేదు. వేళ్ళ నడుమ పిండి తీగ మాత్రం చుట్టు తప్పింది.

"ఏం బావా, చూసినవా? తరుగు ఎంత తీసినవ్?"

"మీటరు ఎంత చూపిస్తే గంత పోతది శివా. సున్నా అంటే సున్నానే. తరుగు లేదు."

"బావా, నువ్వేనా మాట్లాడేది?"

"నేనే. నీ బండి ఇక్కడనే ఉంటది. కాయితాలు మీ అక్క పేరు మీద పెట్టు, నడిపేది ఆమె."

ఫోన్ పెట్టేసి ఆయన పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఏదో పెద్ద బరువు ఎత్తబోతున్నవాడిలా రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యాల మంచిగ నడిపినవ్" అన్నాడు.

అనసూయ చెయ్యి ఆగింది. చుట్టు సగంలో ఉంది. ఆమె ఎదురుచూసింది. పొయ్యి మీద నూనె కాగింది. ఆమె ఇంకాస్త ఎదురుచూసింది.

"కాకుంటే?" అని చివరికి ఆమే అడిగింది.

"కాకుంటే ఏం లేదు."

ఆమె పిండి చేతిని కొంగుకు తుడుచుకుని, ఆయన నుదుటి మీద అరచెయ్యి తిప్పి పెట్టి జ్వరమేమోనని చూసింది. వేడి లేదు. చెయ్యి అలాగే ఉంచింది, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.